జపాను మాధ్యమిక పాఠశాలలు - పాఠమునకు వెలుపలి చదువు

జపాను దేశమున బాలబాలికలు పండ్రెండవ యేట ప్రాథమిక విద్యను ముగించి, పదునైదవ యేటివరకు మూడు సంవత్సరములు చదువు పాఠశాలకు ‘చూగక్కో’ యని పేరు. తెనుగున దానిని మాధ్యమిక పాఠశాల యనవచ్చును. ఈ మూడేండ్లలో లెక్కలు, భాష, ప్రకృతిశాస్త్రము ఎంత చదువో, అటపాటల పండుగ, దూరయాత్ర, బృందగానము, తరగతి పత్రిక, విద్యార్థి సంఘము, తుదకు చీపురు పట్టి తరగతిగది యూడ్చుటయు నంత చదువుగానే అచ్చట నెంచబడుచున్నవి. పరీక్షలకు పనికిరాని యీ పనులకు బడి కాలమును వ్యయపరచు టేలయని ఆ దేశమునందును అడిగినవారు కలరు. ఆ ప్రశ్నకు సమాధానము గ్రంథములలో కంటె ఆ పాఠశాలల చరిత్రలోనే స్పష్టముగా కనబడును. ఆ చరిత్ర సంతోషకరమైనదేగాని, సంతోషకరమైనది మాత్రమే కాదు.

మెయిజీ చక్రవర్తి ప్రభుత్వము 1872లో ప్రథమ విద్యాశాసనమును ప్రకటించెను. దేశమును ఎనిమిది విశ్వవిద్యాలయ మండలములుగను, 256 మాధ్యమిక మండలములుగను, 53,760 ప్రాథమిక మండలములుగను విభజింపవలెనని అందు వ్రాసిరి. అన్ని పాఠశాలలు వెంటనే లేచినవి కావు. ధనము లేదు, ఉపాధ్యాయులును లేరు. అయినను గ్రామములలోని బౌద్ధ దేవాలయములందు, పూర్వపు వీథిబడులందు పలకలు పట్టిన పిల్లలు క్రొత్త పుస్తకములు పట్టిరి. ఆ పుస్తకములతోపాటు పాశ్చాత్య దేశములనుండి మరి రెండు వస్తువులు వచ్చెను. ఒకటి క్రీడ, రెండవది పాట.

క్రీడోత్సవమునకు జపానుభాషలో ‘ఉందోకయి’ యని పేరు. 1874 మార్చిలో టోకియోలోని త్సుకిజీ నౌకాశిక్షణాలయమున ఆంగ్లేయ నౌకాధికారుల పర్యవేక్షణ క్రింద జరిగిన పందెములే దీనికి మొదటివని చెప్పుదురు. 1883లో టోకియో విశ్వవిద్యాలయమునందు ఆంగ్లోపాధ్యాయుడైన ఫ్రెడరిక్ విలియం స్ట్రేంజి విద్యార్థులచేత పరుగుపందెములు నడిపించెను. కాని ఈ పండుగను గ్రామగ్రామమునకు చేర్చినవాడు 1885లో విద్యామంత్రియైన మోరి అరినోరి. ఆయన ఉద్దేశము పిల్లల వినోదము కాదు. దేశమునకు దృఢశరీరులు, ఆజ్ఞకు లోబడువారు కావలెననియే ఆయన తలంపు. అందుచే పాఠశాలలలో సైనికపద్ధతి వ్యాయామమును ప్రవేశపెట్టెను. 1889 ఫిబ్రవరి 11వ తేదీన, రాజ్యాంగచట్టము ప్రకటింపబడిన దినముననే, ఒక దుండగుడు ఆయనను పొడిచెను. మరునాడు ఆయన మరణించెను. ఆయన నాటిన మొక్క మాత్రము మరియొకవిధముగా పెరిగెను. ఆ కాలమున చాల పాఠశాలలకు ఆటస్థలములు లేవు. కావున నాలుగైదు గ్రామముల పిల్లలు జెండాలు పట్టుకొని నడచి ఏటియొడ్డుననో, దేవాలయ ప్రాంగణముననో కలిసికొనుచుండిరి. తల్లిదండ్రులు అన్నపుమూటలతో వెంబడి వచ్చుచుండిరి. తాతలు, అవ్వలు చాపలు పరచుకొని కూర్చుండిరి. ప్రభుత్వము కవాతు కోరగా గ్రామము తిరునాళ్లు చేసికొన్నదన్నమాట. నేటికిని జపాను క్రీడోత్సవములో ఒక్కొక్క బాలుని గెలుపుకంటె ఎఱ్ఱజట్టు గెలిచినదా, తెల్లజట్టు గెలిచినదా యనునదే ముఖ్యమగుట ఆనాటి వాసనయే.

దూరయాత్ర పుట్టుకయు నిట్టిదే. 1886 ఫిబ్రవరిలో టోకియో నార్మల్ స్కూలు విద్యార్థులు తుపాకులు భుజములపై నిడుకొని చిబా ప్రాంతమునందలి చోషి రేవువరకు కాలినడకను పోయివచ్చిరి. ఆ యాత్రకు పదునొకండు దినములు పట్టెను. అది సైనికాభ్యాసముగా తలపెట్టబడినను, ఉపాధ్యాయులు అందులో మరియొక పనిని చొప్పించిరి. విద్యార్థులు త్రోవలో మొక్కలను, గవ్వలను, రాళ్లను సేకరించిరి. ఊళ్ల వృత్తులను విచారించి వ్రాసికొనిరి. కొలది సంవత్సరములలో తుపాకి వెనుకబడి, నోటుపుస్తకము ముందుకు వచ్చెను. ఈ యాత్రకు ‘షూగకు ర్యోకో’, అనగా విద్యాయాత్ర, అను పేరు స్థిరపడెను. రైలుమార్గములు పెరిగినకొలది క్యోటో, నారా నగరముల ప్రాచీన దేవాలయములు, ఇసె పుణ్యక్షేత్రము ఈ యాత్రలకు గమ్యస్థానములయ్యెను.

పాటల సంగతి వేఱు. ఇజావా షూజి యను విద్యాధికారి అమెరికాలో చదువుకొని వచ్చి, బోస్టను నగరమున పిల్లలకు సంగీతము నేర్పు లూథర్ వైటింగ్ మేసన్ పండితుని 1880లో టోకియోకు రప్పించెను. వారిద్దరును కూర్చిన పాఠశాలా గీతముల సంపుటములు 1881 మొదలు వెలువడెను. వానిలో స్కాట్లండు దేశపు వరుసలకు జపానుమాటలు కూర్చిన పాటలు కలవు. మిణుగురుల వెలుగున చదువుకొనుటను తెలుపు గీతమొకటి అందులోనిదే. అది నూరేండ్లకు పైగా పాఠశాలల వీడ్కోలు సభలలో పాడబడినది. పరదేశపు వరుసయని ఆ పాటను వినువారిలో ఎందరికి తోచునో చెప్పలేము. అరువు తెచ్చుకొన్నది ఇంటిసొమ్మగుటకు ఒక తరము పిల్లలు పాడిన చాలును.

పాఠశాలలో నేర్చిన చదువును తల్లిదండ్రుల యెదుట ప్రదర్శించు ‘గకుగెయికయి’ యను సభలును మెయిజీ కాలముననే మొదలయ్యెను. ప్రారంభమున అవి గ్రంథపఠనము, లెక్కలు చేయుట, శాస్త్రప్రయోగము చూపుట మాత్రమే. 1910 తరువాత స్వేచ్ఛావిద్యను కోరు ఉపాధ్యాయులు బయలుదేరిరి. 1917లో సవాయనగి మసతరో సెయిజో పాఠశాలను స్థాపించెను. 1918లో సుజుకి మియెకిచి ‘అకయి తోరి’, అనగా ఎఱ్ఱపిట్ట, యను పిల్లల పత్రికను ప్రారంభించెను. ఆ దినములలోనే ఒబరా కునియోషి యను ఉపాధ్యాయుడు హిరోషిమాలో పిల్లలచేత నాటకములాడించి, పాఠశాలా నాటకము విద్యలో భాగమని వాదించెను. ఈ వాదము ప్రభుత్వమునకు రుచింపలేదు. 1924లో విద్యామంత్రి ఒకదా ర్యోహెయి, పిల్లలు ముఖమునకు రంగు పూసికొని వేషములు ధరించి ప్రేక్షకుల యెదుట నాటకములాడుట తగదని ఉత్తరువు పంపెను. ఆటలాడిన పిల్లలు సైనికులగుదురు, వేషము కట్టిన పిల్లలు చెడిపోవుదురు అను భావము ఆ నాటి పెద్దలలో నుండెను. నాటకములు తగ్గిపోయినను పూర్తిగా నశింపలేదు.

1930 తరువాత చీకటి క్రమ్మెను. పాఠశాలలోని ప్రతి పండుగయు చక్రవర్తి చిత్రపటమునకు వందనముతో ఆరంభమై యుద్ధగీతముతో ముగియుచుండెను. ఈశాన్య ప్రాంతపు బీదగ్రామములలో కొందరు ఉపాధ్యాయులు పిల్లలచేత తమ యింటి జీవితమును ఉన్నదున్నట్లు వ్రాయించు పద్ధతిని నడుపుచుండగా, 1940 మొదలు వారిని కారాగారములలో పెట్టిరి. ఇంటి కరవును గూర్చి బాలుడు వ్రాసిన వ్యాసము రాజ్యద్రోహముగా కనబడిన కాలమది! యుద్ధము ముదిరినకొలది విద్యాయాత్రలు నిలిచిపోయెను, పాఠములును నిలిచిపోయెను. 1944లో పట్టణముల చిన్నపిల్లలను గ్రామములకు తరలించి, పెద్దపిల్లలను కర్మాగారములకు పంపిరి. 1945 ఆగష్టు 6వ తేది ఉదయమున హిరోషిమా నగరములో, పండ్రెండు పదుమూడేండ్ల విద్యార్థులు వేలకొలదిగా, అగ్నిప్రమాదము వ్యాపింపకుండుటకై యిండ్లు కూల్చు పనిలో నుండిరి. వారు ఆరుబయట నుండగా అణుబాంబు పడెను. వారిలో సుమారు ఆరువేలమంది చనిపోయిరి.

యుద్ధానంతరము 1947 మార్చిలో విద్యామూలచట్టము, పాఠశాలా విద్యాచట్టము వెలువడెను. అంతకు పూర్వము నిర్బంధవిద్య ఆరేండ్లు. ఇక మీదట తొమ్మిదేండ్లు. ఆరేండ్ల ప్రాథమిక పాఠశాలకు పైన మూడేండ్ల మాధ్యమిక పాఠశాల ప్రతి గ్రామమునకు కావలసివచ్చెను. ఏప్రిల్ 1వ తేదీన పాఠశాలలు తెరువవలెనని ఆజ్ఞ. పట్టణములు బాంబులచే కాలిపోయియున్నవి. కొయ్య లేదు, మేకులు లేవు, సొమ్ము లేదు. చెట్లక్రింద, గుఱ్ఱపుశాలలలో, ప్రాథమిక పాఠశాలల వరండాలలో తరగతులు నడిచెను. గ్రామస్థులు తమ యుమ్మడి యడవులలోని చెట్లు నఱికి మోసికొనివచ్చిరి. భవనములకు ధనము కూర్చలేక ఎందరో గ్రామపెద్దలు రాజీనామా లిచ్చిరి. ప్రాణములు తీసికొన్నవారును కలరు. ఒక దేశము తన పిల్లలకు మూడేండ్ల చదువు ఎక్కువ చెప్పింప దలచినపుడు ఆ భారము ఎక్కడెక్కడ పడునో ఈ యుదంతమువలన తెలియును.

పాఠ్యప్రణాళికలో ‘స్వేచ్ఛా పరిశోధన’ యను నూతన విషయము 1947లో చేర్చబడెను. విద్యార్థి తన కిష్టమైన పనిని తానే యెన్నుకొని చేయుట కది ఉద్దేశింపబడినది. ఉపాధ్యాయులకే యిది యెట్టిదో బోధపడలేదు. రెండేండ్లకే దానిని తొలగించి, విద్యార్థి సంఘము, తరగతి సభ, క్లబ్బులు మొదలైనవానిని ‘ప్రత్యేక విద్యా కార్యక్రమము’లను పేర కూర్చిరి. పేరు పెక్కుమారులు మారినది, కాని నాటినుండి నేటివరకు ఇవి చదువునకు వెలుపలి అలంకారములుగా గాక చదువులో భాగముగా చట్టమునందే యున్నవి.

చట్టము వ్రాసినంతమాత్రమున పని జరుగదు. ఆ పని ఎట్లు జరిగినదో చూడవలెనన్న యమగత రాష్ట్రములోని యమమోతో గ్రామమునకు పోవలెను. అది కొండలనడుమ నున్న పల్లె. శీతకాలమున మంచు నిలువెత్తు పేరుకొనును. చాలీచాలని మెట్టపొలములు, పొగాకు, బొగ్గుకాల్చుట, ఇవియే జీవనాధారములు. 1948 ఏప్రిల్ లో ఆ గ్రామ మాధ్యమిక పాఠశాలకు ముచకు సెయిక్యో యను ఇరువదియొక్క యేండ్ల యువకుడు ఉపాధ్యాయుడుగా వచ్చెను. ఆయన ఒక జెన్ మఠాచార్యుని కుమారుడు. నార్మల్ స్కూలు చదువు అప్పుడే ముగించినవాడు. ఆయన తరగతిలో నలుబది ముగ్గురు విద్యార్థులు. పాఠశాలకు గడ్డికప్పు; దేశపటము లేదు; ప్రయోగసామగ్రి లేదు; చినిగిన కాగితపు కిటికీలలోనుండి మంచు గదిలో పడుచుండెను. పిల్లలలో కొందరు నెలలకొలది బడికి రారు, బొగ్గుబస్తాలు మోయుచుందురు.

సాంఘికశాస్త్రము అను క్రొత్త పాఠ్యవిషయమునకు ప్రభుత్వము పంపిన పుస్తకములో పల్లెటూళ్ల పాఠశాలలు పన్నుల సొమ్ముతో కట్టబడి, తగిన సామగ్రితో నున్నవని వ్రాయబడియుండెను. ఆ వాక్యమును చదివి పిల్లలు తమ గది చుట్టును చూచుకొనిరి. ఏది నిజము? పుస్తకమా, గదియా? ముచకు ఉపాధ్యాయుడు సమాధానము చెప్పలేదు. మీరే విచారించి వ్రాయుడనెను. పిల్లలు తమ యింటి ఆదాయవ్యయములను లెక్కవేసిరి, చదువునకు ఒక్కొక్క కుటుంబము ఎంత సొమ్ము వ్యయపరచుచున్నదో కూడి చూచిరి, పెద్దలను అడిగిరి, గ్రామకచేరి లెక్కలను అడిగిరి. వ్రాసిన వ్యాసములను మైనపు కాగితముపై ఇనుపములుకుతో గీసి, సిరా రుద్దిన రోలుతో ప్రతులు తీసి, దారముతో కుట్టి ‘కికన్‌ష’, అనగా రైలుయంత్రము, అను తరగతి పత్రికగా వెలువరించిరి. లిఖితపత్రికలు నడిపిన తెనుగు గ్రామములవారికి ఈ పని స్వరూపమును వేఱుగా వర్ణింప నక్కరలేదు.

ఆ పత్రికలో ఎగుచి కొయిచి యను బాలుడు వ్రాసిన ‘తల్లి మరణము, తరువాత’ అను వ్యాసము కలదు. అతని తండ్రి పూర్వమే పోయినాడు. తల్లి కష్టించి కష్టించి మరణించినది. తమ్ముడు, చెల్లెలు బంధువుల యిండ్లకు పంపబడుచున్నారు. ముసలి అవ్వతో మిగిలిన ఆ బాలుడు పొగాకువలన వచ్చు సొమ్మెంత, ఉప్పునకు, పప్పునకు, పన్నులకు పోవున దెంతయని లెక్కవేసి, తాను బడికి పోగలుగునా యని తన్ను తానే ప్రశ్నించుకొన్నాడు. తల్లి ఎంత పనిచేసినను బీదరిక మేల పోలేదని అడిగినాడు. ఏడ్పు లేదు, నింద లేదు. లెక్క మాత్రమే కలదు. ఆ లెక్కను చూచి ఉపాధ్యాయుడు అతనిచేతనే, యే దినమున ఏ పని చేయవలసియున్నదో పట్టిక వ్రాయించెను. తరగతిలోని స్నేహితులు ఆ పట్టికను తీసికొని, కట్టెలు మోయుట మొదలగు పనులను పంచుకొని, అతనిని మరల బడిలో కూర్చుండబెట్టిరి. విద్యార్థుల పరస్పర సాహాయ్యమును గూర్చి ఎన్ని ఉపన్యాసములు విన్నను ఈ కట్టెలమోపునకు సరికావు.

ఆ వ్యాసమునకు 1950లో విద్యామంత్రి బహుమానము వచ్చెను. 1951 మార్చిలో, ఆ తరగతి విద్య ముగించి వెళ్లిపోవు సమయమున, నలుబది ముగ్గురి రచనలును ‘యమబికో గక్కో’, అనగా ప్రతిధ్వని పాఠశాల, అను పేర గ్రంథముగా టోకియోలో అచ్చయ్యెను. దేశమంతట నది చదువబడెను. 1952లో ఇమయి తదషి దానిని చలనచిత్రముగా తీసెను. అయితే గ్రామములో కథ మరియొకరీతిగా నుండెను. తమ యిండ్ల దారిద్య్రమును లోకమునకు చాటినందుకు ఎందరో పెద్దలు కోపించిరి. వారికది అవమానముగా తోచెను. వారి కోపమును అజ్ఞానమని త్రోసివేయుట న్యాయము కాదు. పట్టణపు పాఠకుడు కన్నీరు విడిచి పుస్తకమును మూసివేయును. గ్రామస్థుడు ఆ ముఖములనే దినదినము చూచుచు బ్రతుకవలెను. 1954లో ముచకు ఆ గ్రామమును విడిచిపోవలసివచ్చెను.

విద్యార్థి సభలు ఆ దినములలో ఎంత నమ్మకముతో నడిచెనో తెలుపుటకు భారతదేశముతో సంబంధించిన ముచ్చట యొకటి కలదు. టోకియోలోని ఉయెనో జంతుప్రదర్శనశాలలో మూడు ఏనుగులుండెడివి. బాంబులు పడినపుడు మృగములు తప్పించుకొనునను భయముతో 1943లో ఆ ఏనుగులను ఆహారము పెట్టక చంపిరి. యుద్ధానంతరము తయితో ప్రాంతపు బాలబాలికల ప్రతినిధిసభ, తమకు ఏనుగు కావలెనని తీర్మానించెను. నగోయా పట్టణమున బ్రతికియున్న రెండు ఏనుగులలో నొకదానిని అరువిమ్మని అడిగిరి. ఆ రెండింటిని వేఱుచేయుట సాధ్యము కాలేదు. పిల్లల నే రైళ్లలో నగోయాకు తీసికొనిపోయి చూపిరి. అంతటితో తృప్తి చెందక ఆ పిల్లలు తమ మహాజనసభ పెద్దలకు అర్జీ పెట్టుకొనిరి. భారత ప్రధాని జవహర్లాల్ నెహ్రూకు వందలకొలది ఉత్తరములు వ్రాసిరి. నెహ్రూ పండితుడు మైసూరునుండి ఒక ఏనుగును పంపుచు దానికి తన కుమార్తె పేరైన ఇందిర యను పేరు పెట్టెను. 1949 సెప్టెంబరులో ఇందిర టోకియో చేరెను. మరుసటి సంవత్సరము ఊరూర తిరిగి పిల్లలకు దర్శనమిచ్చెను. 1983వరకు అది ఉయెనోలో జీవించినది.

హిరోషిమా పిల్లల కథ ఇంతకంటె గంభీరమైనది. ససకి సదకో యను బాలిక అణుబాంబు పడిన దినమున రెండేండ్ల పసిపాప. గాయము తగులలేదు. ప్రాథమిక పాఠశాలలో ఆమె పరుగున మేటి. 1954 క్రీడోత్సవమున తన తరగతి జట్టుపందెమును గెలుచుటకు ఆమె కాళ్లే ముఖ్యకారణము. 1955 ఫిబ్రవరిలో రక్తవ్యాధి బయటపడి ఆసుపత్రిలో చేర్చిరి. మాధ్యమిక పాఠశాల పట్టికలో పేరు చేరినదేగాని ఆ తరగతిలో ఆమె కూర్చుండలేదు. వేయి కాగితపు కొంగలను మడచినవారి కోరిక నెరవేరునను నమ్మకము జపానులో కలదు. ఆమె మందుపొట్లముల కాగితములతో సహా దొరికినదానినెల్ల మడచెను. వేయి దాటెను. అక్టోబరు 25వ తేదీన, పండ్రెండవ యేట, మరణించెను.

ఆమెతో ప్రాథమిక పాఠశాలలో చదివిన పిల్లలు అప్పటికి వేఱువేఱు మాధ్యమిక పాఠశాలలలో చేరియుండిరి. సమాధికి కొంత చేయవలెనని మొదట అనుకొని, తరువాత బాంబువలన చనిపోయిన పిల్లలందరి కొఱకు ఒక స్మారకచిహ్నము నిలుపవలెనని నిశ్చయించుకొనిరి. డబ్బు? పదుమూడేండ్ల పిల్లలకు తోచిన యుపాయము మెచ్చుకొనదగినది. ఆ నవంబరులోనే దేశములోని మాధ్యమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయుల మహాసభ హిరోషిమాలో జరుగుచుండెను. పిల్లలు తమ విన్నపమును కరపత్రములుగా అచ్చొత్తించి ఆ సభకు వచ్చినవారి చేతులలో పెట్టిరి. ప్రధానోపాధ్యాయులు వానిని తమ తమ ఊళ్లకు తీసికొనిపోయిరి. అచ్చటి విద్యార్థి సంఘములు పైసాపైసా ప్రోగుచేసెను. జపానులోని 3,100కు పైగా పాఠశాలలనుండియు, మరి తొమ్మిది దేశములనుండియు చందాలు వచ్చెను. 1958 మే 5వ తేదీన, పిల్లల పండుగనాడు, శాంతివనములో తొమ్మిది మీటర్ల యెత్తున కొంగను పైకెత్తిన బాలిక ప్రతిమ ఆవిష్కరింపబడెను. శిల్పి కికుచి కజువో. అందులోని గంటను నోబెల్ బహుమానము పొందిన భౌతికశాస్త్రవేత్త యుకవ హిదెకి ఇచ్చెను. నాటినుండి విద్యాయాత్రకు వచ్చు పాఠశాలలవారు తాము మడచిన కొంగల మాలలను అచ్చట సమర్పించుచున్నారు. ఏటా వచ్చునవి సుమారు కోటి కొంగలు. వాని తూకము పది టన్నులు.

తుపాకులతో మొదలైన విద్యాయాత్ర శాంతివనమునకు చేరుటకు డెబ్బది యేండ్లు పట్టినది. దారిలో ప్రాణములును పోయెను. 1955 మే 11వ తేదీన పొగమంచులో ‘షివున్ మారు’ అను దాటుపడవ మరియొక ఓడతో ఢీకొని సెతో సముద్రమున మునిగిపోగా 168 మంది చనిపోయిరి. వారిలో నూర్గురు విద్యాయాత్రకు బయలుదేరిన ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల పిల్లలు. ఆ జూలైలోనే త్సు పట్టణపు సముద్రతీరమున ఈత నేర్చుకొనుచున్న మాధ్యమిక పాఠశాల బాలికలు 36 మంది కెరటములలో కొట్టుకొనిపోయిరి. ఈ రెండు శోకములవలన పాఠశాలలలో ఈతకొలనులు త్రవ్వించుట త్వరితమయ్యెను. ఈత ప్రతి పిల్లవానికి నేర్పవలసిన విద్యయయ్యెను. పడవ మునిగిన ఆ సముద్రముమీద మహాసేతువు వేయవలెనను కోరికయు అప్పుడే బలపడి, 1988లో నెరవేరెను. 1959లో మాధ్యమిక విద్యార్థుల యాత్రలకై ప్రత్యేకముగా నిర్మించిన రైళ్లు బయలుదేరెను; టోకియోనుండి పోవు రైలునకు ‘హినొదె’, సూర్యోదయము, అనియు, క్యోటో వైపునుండి వచ్చుదానికి ‘కిబో’, ఆశ, అనియు పేర్లు. పండ్రెండేండ్లు అవి నడిచినవి. పల్లెల పిల్లలు రాజధానిని, పట్టణపు పిల్లలు ప్రాచీన దేవాలయములను చూచిరి. ఉన్నతవిద్యకు పోవు స్తోమతు లేక పదునైదవ యేటనే కర్మాగారములలో చేరిన వేలాది పిల్లలకు ఆ దూరయాత్రయే బాల్యమున కడపటి పండుగ.

ఇక సంస్కృతీ ఉత్సవము. ‘బుంకసయి’ యను ఈ పండుగ శరత్కాలమున జరుగును. చాల పాఠశాలలు నవంబరు 3వ తేదికి దగ్గరగా దానిని పెట్టుకొనుచుండెను. ఆ తేదీ పూర్వము మెయిజీ చక్రవర్తి జన్మదినము; 1946లో ఆనాడే నూతన రాజ్యాంగము ప్రకటింపబడగా, 1948 మొదలు సంస్కృతీ దినమని పేరు మారినది. చిత్రలేఖనములు, చక్కని చేతివ్రాత, పూలకూర్పు, తేనీటివిధి, శాస్త్రప్రదర్శనము, నాటకము ఆనాడు తల్లిదండ్రులకు చూపబడును. 1924లో తగదనిపించుకొన్న వేషము, రంగు మరల వేదిక యెక్కినవి. అన్నింటికంటె పిల్లలు మనసుపెట్టునది తరగతుల నడుమ బృందగాన పోటీ. పాడుటకు సిగ్గుపడు బాలుడుగూడ తన గొంతు లేనిచో తరగతి ఓడునని వారములకొలది సాధనకు నిలుచును. ఈ పాటలు, ప్రదర్శనములు తీర్చిదిద్దినది ఉపాధ్యాయుడే యైనను, సభను నడుపునది, తెర లాగునది, కుర్చీలు వేసి మరల తీయునది విద్యార్థులే.

ఈ వ్యవస్థలో దోషములు లేవనుట సరికాదు. ‘బుకత్సు’ అను సాయంకాలపు క్లబ్బులు, ముఖ్యముగా క్రీడల క్లబ్బులు, క్రమముగా ఆదివారములను సెలవులను మ్రింగివేసినవి. పిల్లలు అలసిపోయిరి, అంతకంటె ఉపాధ్యాయులు అలసిపోయిరి. క్రీడోత్సవములలో పిల్లలు ఒకరిపై నొకరెక్కి గోపురములు కట్టు విన్యాసము అంతస్తులపై అంతస్తులు పెరిగి, ఏటా ఎనిమిదివేలకు పైగా గాయములకు కారణమయ్యెను. 2016లో ప్రభుత్వము హెచ్చరిక చేయగా చాల పాఠశాలలు దానిని మానివేసెను. చూచువారి కరతాళధ్వనులకై పిల్లల వెన్నెముకలను పణముగా పెట్టుట మోరి మంత్రి కాలపు కవాతు మిగిల్చిన మచ్చ యనుటలో తప్పులేదు. 2022లో ప్రభుత్వసంఘములు శనివారపు, ఆదివారపు క్లబ్బులను క్రమముగా పాఠశాలనుండి గ్రామ పట్టణ సంఘములకు అప్పగింపవలెనని సలహా యిచ్చెను. మేలైన మార్పులును లేకపోలేదు. 1995 భూకంపమున దెబ్బతిన్న హ్యోగో రాష్ట్రములో 1998 మొదలు మాధ్యమిక పాఠశాల రెండవ తరగతి పిల్లలను అయిదు దినములపాటు అంగళ్లకు, పొలములకు, శిశువిహారములకు పంపి, అచ్చటివారితో కలిసి పని చేయించుచున్నారు.

ఇపుడు పల్లెలలో ఇంతకంటె పెద్దచిక్కు పిల్లలే లేకపోవుట. జట్టుకు చాలినంతమంది లేక రెండు మూడు పాఠశాలలు కలిసి బంతియాట జట్టును కూర్చుకొనుచున్నవి. యమమోతో గ్రామమును పూర్వమే కమినొయమ పట్టణములో కలిపివేసిరి. ముచకు ఉపాధ్యాయుడు టోకియోలోని ఒక పాఠశాలలో పెక్కేండ్లు చదువు చెప్పి, రేడియోలో పిల్లల ప్రశ్నలకు సమాధానములిచ్చి, కడపట మఠాచార్యుడై, 2023లో తొంబదియారవ యేట కాలము చేసెను. ఎగుచి కొయిచి ఊరిలోనే యుండి అడవి సహకార సంఘమున పనిచేసెను. నలుబది ముగ్గురు పిల్లలు మంచులో లెక్కలు వ్రాసికొన్న ఆ పాఠశాల విద్యార్థులు తగ్గిపోవుటచే మూతపడినది. వారి పుస్తకము మాత్రము 1995లో ఇవనమి ప్రచురణాలయమువారి చిన్నపుస్తకముల వరుసలో మరల అచ్చయి, జపాను గ్రంథాలయములందు పాఠకులకు అందుచున్నది.